పసిపిల్లల రక్తహీనత - జ్వరంలో వచ్చే ఫిట్లు

(రాయదుర్గంలో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వృత్తిరీత్యా ఉర్దూ మాధ్యమంలో పాఠాలు చెప్పుకునేవాళ్ళము. వైద్యులము కాము. అయినా కార్యదర్శిగారు ఈ విషయంమీద మమ్మల్నే మాట్లాడమన్నారు. అదీ తెలుగులో మాట్లాడమన్నారు. మన పిల్లలు చాలామంది ఇప్పుడు తెలుగు, ఇంగ్లీషు బడులకు పోతున్నారు గదా, సంచికలో అచ్చయితే వాళ్ళయినా ఇంట్లో చదివి వినిపిస్తారని వారి ఉద్దేశం. మా తెలుగులో దోషాలుంటే పెద్దమనసుతో క్షమించగలరు. డాక్టర్లు చెప్పగా విన్నదీ, పుస్తకాల్లో చదివి తెలుసుకున్నదీ, మా ఇంట్లో మామీద పడ్డదీ కలిపి చెప్తాము.

ముందు మన ఊరి సంగతి ఒక్క మాట. రాయదుర్గం అంటే ఒకప్పుడు గుట్టలూ బండరాళ్ళూ. రెవెన్యూ కాగితాల్లో ఈనాటికీ 'రాయదుర్గ్ పాయెగా' అనే పేరు కనబడుతుంది. 1998లో పక్కన సైబర్ టవర్స్ లేచింది. 2019 నవంబరులో మెట్రో రైలు మన రాయదుర్గం దాకా వచ్చింది. ఎటు చూసినా ఇనుప కడ్డీలే, ఇనుప స్తంభాలే. ఇంత ఇనుము మధ్యన పెరుగుతున్న మన పిల్లల నెత్తురులో మాత్రం ఇనుము లేదు. ఇది మేము ఊరికే అలంకారానికి అనడం లేదు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 6 నెలలు నిండి 5 ఏండ్లలోపు ఉన్న పిల్లల్లో నూటికి 70 మందికి రక్తహీనత ఉన్నది. అంతకుముందు 2015-16 సర్వేలో ఈ సంఖ్య 61 దాకా ఉండేది. అంటే తగ్గకపోగా పెరిగింది. 15 నుంచి 49 ఏండ్ల స్త్రీలలో నూటికి దాదాపు 58 మందిది ఇదే స్థితి. ఇది బస్తీవాళ్ళ రోగం మాత్రమే అనుకోరాదు. లిఫ్టులున్న ఇండ్లలోనూ పాలసీసా, బిస్కెట్లతో పెరిగే పిల్లలకు ఇదే వస్తున్నది.

ఇక మా ఇంటి సంగతి. ఇది ఇంతవరకూ నలుగురిలో చెప్పినది కాదు.

కొన్నేండ్ల క్రితం ఒక చలికాలపు రాత్రి. మా చిన్నమ్మాయికి అప్పుడు 16 నెలలు. సాయంత్రం కొంచెం జలుబు, ఒళ్ళు వెచ్చగా ఉండె. రాత్రి పదిన్నర ప్రాంతంలో ఉన్నట్టుండి పిల్ల ఒళ్ళు కట్టెలాగా బిగుసుకుపోయింది. కనుగుడ్లు పైకి పోయినయి. కాళ్ళు చేతులు టపటప కొట్టుకుంటున్నయి. పెదవులు నీలం పడ్డయి. మా అమ్మగారు "నజర్ లగీ" అని ఏడుపు అందుకున్నారు. ఎవరో తాళంచెవుల గుత్తి తెచ్చి పిల్ల పిడికిట్లో పెట్టారు. ఎవరో ఉల్లిగడ్డ నలిపి ముక్కు దగ్గర పెట్టారు. మేమో, బడిలో ఇరవైమందికి సైన్సు చెప్పే మనిషిమి, నాలుక కరుచుకుంటుందేమోనని చెంచా కాడ తీసుకుని పండ్ల మధ్యకు బలవంతంగా దూర్చాము. నోట్లోనుంచి నెత్తురు వచ్చింది. అది ఫిట్ వల్ల వచ్చిన నెత్తురు అనుకుని ఇంకా బెదిరిపోయాము.

ఆటో దొరికి దవాఖానాకు పోయేసరికే పిల్ల ఫిట్ ఆగిపోయి నిద్రపోతున్నది. డాక్టరమ్మ చూసి, "ఫిట్ దానంతట అదే ఆగింది. ఈ చిగురు చిరిగింది మీ చెంచాతో. దీనికి కుట్టు వెయ్యాలె" అన్నది. ఆ తర్వాత అడిగింది, "పిల్ల ఏం తింటుంది?" మేము గొప్పగానే చెప్పాము, "పాలు తాగుతుంది డాక్టర్ సాబ్, రోజుకు లీటరుకు తక్కువ గాదు. పొద్దున సాయంత్రం చాయ్‌లో బిస్కెట్ ముంచి పెడతాము." ఆమె పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసింది, అరచేతులు చూసింది, నెత్తురు పరీక్ష రాసింది. హిమోగ్లోబిన్ 7.6. ఆ వయసుకు పదిన్నర, పదకొండు ఉండవలసినది. పిల్ల తల్లికి కూడా చేయించమన్నది. ఆమెకు 9.

అప్పుడు ఆ డాక్టరమ్మ మాకు చెప్పిన సంగతులూ, ఆ తరువాత మేము చదివి తెలుసుకున్నవీ ఇప్పుడు వరుసగా మనవి చేస్తాము.

మొదటిది, ఈ ఫిట్ అంటే ఏమిటి? ఆరు నెలలనుంచి అయిదేండ్లలోపు పిల్లల్లో, నూటికి ఇద్దరు మొదలు అయిదుగురి దాకా, జ్వరం వచ్చినప్పుడు ఫిట్ రావచ్చు. ఏడాది, ఏడాదిన్నర వయసులో ఎక్కువ. పసి మెదడు ఇంకా తయారవుతూ ఉంటుంది గనుక జ్వరాన్ని తట్టుకోలేక ఒక్కసారి అదుపు తప్పుతుంది. చాలామందిలో ఇది ఒకటి రెండు నిమిషాల్లో ఆగిపోతుంది. ఇది గాలీ కాదు, జిన్నూ కాదు. ఇది మిర్గీ కూడా కాదు. ఒకసారి వచ్చిన పిల్లల్లో దాదాపు మూడోవంతు మందికి ఇంకో జ్వరంలో మళ్ళీ రావచ్చు. అయిదారేండ్లు దాటేసరికి ఆగిపోతుంది. మామూలు జ్వరపు ఫిట్ వల్ల పిల్ల తెలివి తగ్గదు, చదువు చెడదు. ఆ తరువాత నిజంగా మిర్గీ వచ్చేవాళ్ళు నూటికి ఒకరో ఇద్దరో. అంటే తక్కిన పిల్లలకంటే ఏదో కొంచెం ఎక్కువ, అంతే.

రెండోది, ఇనుముకు దీనికి సంబంధం ఏమిటి? మన నెత్తురులోని ఎర్రదనం హిమోగ్లోబిన్. దాని గుండెకాయ ఇనుము. ఊపిరిలోని ప్రాణవాయువును మెదడు దాకా మోసుకుపోయేది అదే. పెద్దమనిషి ఒంట్లో మొత్తం ఇనుము మూడు నాలుగు గ్రాములకు మించదు, ఒక చిన్న మేకంత. ఆ కాస్త లేకపోతే మనిషి పాలిపోతాడు, ఆయాసపడతాడు. పసిపిల్లలో ఇంకో నష్టం ఉన్నది. మెదడు నరాలకు పొర ఏర్పడడానికీ, ఒక నరం ఇంకో నరానికి కబురు పంపడానికీ కూడా ఇనుము కావాలె. అందుకే ఇనుము తక్కువైన పిల్ల మందంగా ఉంటుంది, ఆటమీద ధ్యాస ఉండదు, మన్ను, సుద్ద, సున్నం తింటుంది, బడికి వచ్చినాక పాఠం నిలువదు.

కేరళలో తిరువనంతపురం వైద్యులు చేసిన పరిశీలన ఒకటి 2012లో 'ఇండియన్ పీడియాట్రిక్స్' పత్రికలో వచ్చింది. జ్వరంతో ఫిట్ వచ్చిన పిల్లల్నీ, జ్వరం మాత్రమే వచ్చిన పిల్లల్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, ఫిట్ వచ్చినవారిలోనే ఇనుము లోపం ఎక్కువగా కనబడింది. 2009లో ప్రకటించిన కెనడా పరిశీలనలో కూడా దాదాపు రెండింతలు తేడా కనబడింది. అయితే న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలె. 1995లో వచ్చిన ఒక పరిశీలన దీనికి తలకిందులుగా చెప్పింది. కనుక ఇనుము మందు పోస్తే ఫిట్ రానే రాదు అని ఎవరూ హామీ ఇయ్యలేరు. ఇనుము తక్కువైతే ఫిట్ వచ్చే అవకాశం పెరుగుతున్నట్టు ఎక్కువ పరిశీలనలు చెప్తున్నయి. ఫిట్ మాట ఎట్లున్నా రక్తహీనత తనంతట తానే పిల్లను చెరిపే రోగం. దానికి మందు ఉన్నది, అదీ చవకైన మందు. అటువంటప్పుడు ఎందుకు వదిలెయ్యాలె?

మా పిల్ల సంగతే చెప్పాలంటే, మూడు నెలలు మందు పోసినాక హిమోగ్లోబిన్ 11 దాటింది. ఆ తరువాత రెండో ఏట ఇంకో జ్వరంలో మళ్ళీ ఒక ఫిట్ వచ్చింది. అప్పుడు చెంచా లేదు, తాళంచెవులు లేవు. పక్కకు తిప్పి పడుకోబెట్టి గోడ గడియారం చూసుకుంటూ కూర్చున్నాము. నిమిషంన్నర. అంతకంటే పొడుగైన నిమిషంన్నర మా జీవితంలో లేదు. ఆ తరువాత మళ్ళీ రాలేదు, అల్‌హమ్‌దులిల్లాహ్. ఇప్పుడా పిల్ల ఆరో తరగతి. లెక్కల్లో మా పెద్దవాడికంటే నయం.

మూడోది, ఇనుము ఎందుకు తక్కువవుతున్నది? బిడ్డ పుట్టేటప్పుడే తల్లి దగ్గరినుంచి కొంత ఇనుము నిల్వ తెచ్చుకుంటుంది. ఆ నిల్వ ఇంచుమించు ఆరు నెలలకే సరిపోతుంది. తల్లే రక్తం లేనిదయితే, బిడ్డ నెల తక్కువదయితే, ఇంకా ముందే అయిపోతుంది. పుట్టిన వెంటనే బొడ్డుతాడు కోయకుండా ఒకటి నుంచి మూడు నిమిషాలు ఆగితే బిడ్డకు అదనంగా నెత్తురు అందుతుందని వైద్యులు ఇప్పుడు చెప్తున్నారు. కాన్పుకు ముందే అడిగి పెట్టుకోండి.

రెండేండ్లు తల్లిపాలు ఇయ్యడం మన దీన్ చెప్పిన పద్ధతి. అది చాలా మంచిది. కాని ఆరు నెలలు నిండినాక ఒక్క పాలతో సరిపోదు. పాలతోపాటు మెత్తటి అన్నం కావాలె. ఇక గేదెపాలు, ఆవుపాలలో ఇనుము దాదాపు లేనట్టే. సీసా సీసా తాగితే పిల్ల కడుపు నిండి అన్నం ముట్టదు. మేము చేసిన తప్పు అదే. ఏడాదిలోపు ఆ పాలు ముఖ్య ఆహారంగా పనికిరావు. ఏడాది దాటినాక రోజుకు రెండు గ్లాసులకు మించి పొయ్యకండి. చాయ్ సంగతి మరీ అన్యాయం. చాయ్‌లో ఉండే వగరు పదార్థం అన్నంలోని ఇనుమును ఒంటికి పట్టనియ్యదు. పెద్దలు కూడా తిన్న వెంటనే తాగకుండా గంట ఆగితే మేలు. పిల్లలకు చాయ్ అసలే వద్దు.

మన ఇండ్లలో మాంసం వండుతాము గదా, మనకెందుకు లోపం అని ఒక పెద్దమనిషి మమ్మల్ని అడిగారు. ప్రశ్న మంచిదే. మాంసంలోని, కలేజీలోని ఇనుము ఆకుకూరల్లోని ఇనుముకంటే సులువుగా ఒంటికి పడుతుంది. కాని దస్తర్‌ఖాన్ మీద ఆ ముక్క ఎవరి పళ్ళెంలో పడుతున్నది? ముందు మగవాళ్ళు, మెహమాన్లు. తరువాత మగపిల్లలు. చివరకు కూర గిన్నె తుడుచుకుని తినేది కోడలు. ఆమె కడుపులోనే మన రేపటి బిడ్డ ఉంటుంది. పసిపిల్లకు పండ్లు లేవు, అరగదు అని షోర్బా మాత్రం పోస్తాము. షోర్బాలో ఇనుము ఏమంత ఉండదు. ముక్కను మెత్తగా ఉడికించి, నూరి, అన్నంలో కలిపి పెట్టండి. గుడ్డు పెట్టండి. రోజూ మాంసం కొనే స్తోమత లేనివారు పప్పు, శనగలు, సజ్జలు, తోటకూర, మునగాకు, పుంటికూర, అంటే మన అంబాడా, వండి పైన నిమ్మకాయ పిండుకోండి. నిమ్మ, ఉసిరి, జామకాయ వంటి పులుపు ఇనుమును ఒంటికి పట్టేటట్టు చేస్తుంది.

ఇంకో కారణం నులిపురుగులు, కొంకిపురుగులు. ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న బడుల్లో, అంగన్‌వాడీల్లో ఆల్బెండజోల్ గోలీ ఇస్తారు. కొందరు తల్లిదండ్రులు భయపడి ఆ రోజు పిల్లల్ని బడికి పంపరని మాకు తెలుసు. దయచేసి పంపండి.

నాలుగోది, మందు. ఈ దేశంలో రక్తహీనత నివారణ కార్యక్రమం 1970లోనే మొదలయింది. 2018నుంచి 'అనీమియా ముక్త్ భారత్' పేరుతో నడుస్తున్నది. ఆ పద్ధతి ప్రకారం ఆరు నెలలనుంచి అయిదేండ్ల పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు ఇనుము సిరప్, అయిదునుంచి తొమ్మిదేండ్ల వారికి వారానికొక గులాబీ గోలీ, పదినుంచి పందొమ్మిదేండ్ల వారికి వారానికొక నీలం గోలీ, గర్భిణీలకు రోజూ ఒక ఎర్రగోలీ. ఇవి ఉచితం. అంగన్‌వాడీ టీచరమ్మనో, ఆశా కార్యకర్తనో, బస్తీ దవాఖానాలోనో అడగండి. ఇవి నివారణకు ఇచ్చే మోతాదులు. రక్తం ఇప్పటికే తక్కువైన పిల్లకు డాక్టరు బరువు చూసి వేరే లెక్క కడతారు. రంగు వచ్చింది గదా అని నెలకే ఆపకండి. నిల్వ నిండడానికి ఇంకా రెండు మూడు నెలలు పడుతుంది. విరేచనం నల్లగా వస్తే బెదరకండి, అది మందు గుణం. మందు పాలతోనూ చాయ్‌తోనూ ఇయ్యకండి. సీసా, గోలీలు పిల్లలకు అందని చోట పెట్టండి. మిఠాయి అనుకుని ఎక్కువ మింగితే అది విషమే, ప్రాణం మీదికి వస్తుంది.

ఒక హెచ్చరిక. దగ్గరి చుట్టాల్లో పెండ్లిళ్ళు చేసుకునే ఇండ్లలో తలసీమియా అనే రక్తవ్యాధి రావచ్చు. అదీ పాలిపోయినట్టే కనబడుతుంది. కాని మాటిమాటికీ రక్తం ఎక్కించుకునే ఆ పిల్లలకు ఇనుము మందు మేలు చెయ్యదు, చెరుపు చేస్తుంది. మందు పోసినా రక్తం పెరగకపోతే ఆ పరీక్ష చేయించండి. మన హైదరాబాదులోనే 1998లో తలసీమియా, సికిల్‌సెల్ సొసైటీ ఏర్పడి ఇటువంటి పిల్లల కోసం పనిచేస్తున్నది.

మన నగరం ఈ విషయంలో వెనుకబడినది కాదు. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో పుట్టి 1958లో ఇక్కడికి వచ్చింది. ఉప్పులో అయోడిన్‌తోపాటు ఇనుము కూడా కలిపే పద్ధతిని తయారుచేసినది ఆ సంస్థే. ప్రసవంలో తన పరిచారిక చనిపోయిందన్న బాధతో నీలోఫర్ బేగం పూనుకోగా 1953లో తెరుచుకున్నది మన నీలోఫర్ దవాఖానా. ఒక్క ప్రాణం పోతే ఆమె ఊరుకోలేదు.

అయిదోది, ఫిట్ వస్తే ఏం చెయ్యాలె? ఇది ప్రతి ఒక్కరూ కంఠతా పట్టండి. పిల్లను నేలమీదనో, పక్కమీదనో ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నురుగు బయటికి పోతుంది. మెడ దగ్గరి గుండీలు విప్పండి. చుట్టూ ఉన్న వస్తువులు తీసెయ్యండి. గడియారం చూడండి. నోట్లో చెంచా, వేలు, నీళ్ళు, మందు ఏదీ పెట్టకండి. కాళ్ళు చేతులు అదిమిపట్టకండి. చన్నీళ్ళు కుమ్మరించకండి. అయిదు నిమిషాలైనా ఆగకపోతే 108కి ఫోన్ చెయ్యండి. 2005 ఆగస్టు 15న ఆ బండ్లు మొదలైంది మన హైదరాబాదులోనే. ఒకే రోజు రెండోసారి వచ్చినా, ఒక్క పక్కనే వచ్చినా, ఫిట్ ఆగినాక పిల్ల తెలివిలోకి రాకపోయినా, మెడ బిగుసుకున్నా, మాడు ఉబ్బినా, ఆరు నెలల లోపు బిడ్డ అయినా ఆలస్యం చెయ్యరాదు. అది మెదడు పొర వాపు కావచ్చు. మొదటిసారి ఫిట్ వస్తే, ఆగిపోయినా సరే, అదే రోజు డాక్టరుకు చూపించండి. జ్వరానికి పారాసిటమాల్ బరువునుబట్టి ఇయ్యండి, పిల్ల బాధ తగ్గుతుంది. దానితో ఫిట్ ఆగుతుందని మాత్రం అనుకోకండి. ఆస్పిరిన్ పిల్లలకు వద్దు. ఫిట్ వచ్చిందని టీకాలు మానకండి, డాక్టరుకు చెప్పి వేయించండి.

ఇప్పుడు అసలు మాట. మా పిల్లకు ఫిట్ వచ్చిన సంగతి మేము ఎవరికీ చెప్పలేదు. ఆడపిల్ల గదా, మిర్గీ అని పేరు పడితే రేపు సంబంధం కుదరదని ఇంటిల్లిపాదీ నోరు మూసుకున్నాము. చిగురు కుట్టు సంగతి ఎవరడిగినా పడ్డదని చెప్పాము. ఆ తరువాత రెండేండ్లకు మా గల్లీలోనే, మా బడిలో చదివే ఒక పిల్లవాడి తమ్ముడికి జ్వరంలో ఫిట్లు వచ్చినయి. ఒక్కసారి కాదు, పొద్దుననుంచి మూడుసార్లు. వాళ్ళు కూడా మాలాగే నజర్ అనుకున్నారు. తావీజు కోసం ఒకచోటికి, అక్కడినుంచి ఇంకోచోటికి తిరిగి మరునాడు దవాఖానాకు తీసుకుపోయారు. మెదడు పొర వాపు అన్నారు. పిల్లవాడు బతికాడు. కాని చెవులు పోయినయి. ఆ తండ్రి తరువాత మాతో అన్నాడు, "మాస్టర్ సాబ్, మీకు ఈ సంగతులన్నీ తెలుసంట గదా, ఒక్కసారి మాకు చెప్పకపోతిరి." మావద్ద జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు.

అందుకనే ఈరోజు మా అమ్మాయిని అడిగి, ఆమె సరేనన్నాక ఈ సభలో చెప్తున్నాము. దువా చెయ్యడం మన హక్కు, మన ధర్మం. దువా చేస్తూనే ఆటో ఎక్కండి. దువాకు ఆటో అడ్డం కాదు. ఖుర్‌ఆన్ షరీఫ్‌లో 57వ సూరా పేరే అల్ హదీద్, అంటే ఇనుము. ఆ ఇనుమును పిల్ల పిడికిట్లో పెట్టి లాభం లేదు, ఆమె అన్నంలో పెట్టాలె.

కార్యవర్గంవారికి మా మనవి నాలుగు మాటల్లో ముగిస్తాము. ఏడాదికి రెండుసార్లు బస్తీ దవాఖానావారితో మాట్లాడి మన హాలులోనే తల్లులకు, పిల్లలకు హిమోగ్లోబిన్ పరీక్ష పెట్టించండి. ఫిట్ వస్తే ఏం చెయ్యాలెనో ఉర్దూలో, తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించి మస్జిద్ బయట, బడి బయట అంటించండి. రాసిపెట్టే పని మేము చేస్తాము. ఫిబ్రవరి, ఆగస్టు నెలల్లో జుమా నమాజు తరువాత నులిపురుగుల గోలీ సంగతి ఎలాన్ చేయించండి. చివరిది, రంజాన్‌లో రేషన్ కిట్లు పంచేటప్పుడు గర్భిణీ ఉన్న ఇంటికి గుడ్లు, శనగలు, సజ్జలు కలిపి ఇయ్యండి, అవి ఆమె కోసమని ఇంటి పెద్దకు చెప్పి ఇయ్యండి.

సభ అయినాక ఎవరి ఇంట్లోనైనా ఇటువంటి పిల్ల ఉంటే మావద్దకు వచ్చి చెప్పవచ్చు. అందరిలో చెప్పడం ఇష్టం లేకపోతే సాయంత్రం ఇంటికి రండి. ఏ దవాఖానాకు పోవాలెనో తెలియకపోతే తోడు వస్తాము.